నాన్ రియాక్టివ్ అని వచ్చాక

ప్రైవేటు లాబులో హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే, వైరస్ లేనివాళ్ళకు వచ్చే కాగితంలో "నాన్ రియాక్టివ్" అనే మాట ఉంటుంది. చాలా రిపోర్టుల్లో ఆ మాట పక్కన 0.18 అనో, 0.31 అనో ఒక అంకె కూడా ఉంటుంది. ఎక్కువ మంది మాట చూసి ఊపిరి పీల్చుకుని కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు. కొందరు మాత్రం ఆ అంకె దగ్గరే ఆగిపోతారు. వైరస్ లేకపోతే సున్నా ఉండాలి గదా, ఈ 0.18 ఎక్కడి నుంచి వచ్చింది?

పోలవరంలో ఉండే అలాంటి కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. ప్రాజెక్టు పనుల్లో టిప్పరు నడుపుతాడు. ఏడాది కిందట రాజమండ్రిలో ఒక రాత్రి కండోమ్ లేకుండా ఒక స్త్రీతో గడిపాడు. మూడు నెలలు ఆగి పరీక్ష చేయించుకున్నాడు. నాన్ రియాక్టివ్. పది రోజులు హాయిగా ఉన్నాడు. తర్వాత గొంతు నొప్పి వచ్చింది. తాళ్ళపూడి, కొవ్వూరు దాటుకుని, రోడ్డు కం రైలు వంతెన మీదుగా రాజమండ్రి వెళ్ళి వేరే లాబులో మళ్ళీ చేయించుకున్నాడు. మళ్ళీ నాన్ రియాక్టివే. కానీ మొదటి కాగితంలో 0.18 ఉంటే ఇందులో 0.31 ఉంది. "పెరుగుతోంది గదండీ?" అని అడుగుతాడు. ఈ కుర్రాడు నేను కల్పించిన మనిషి. అతని ప్రశ్న మాత్రం కల్పన కాదు. హెచ్‌ఐవీ కౌన్సెలర్లకు, లాబుల్లో పనిచేసేవాళ్ళకు ఇది బాగా తెలిసిన ప్రశ్న.

ముందు ఆ అంకె సంగతి తేల్చుకుందాం. ఈ పరీక్ష చేసే యంత్రం రక్తంలో వైరస్‌ను లెక్కపెట్టదు. రసాయన చర్య జరిగినప్పుడు పుట్టే వెలుగును కొలుస్తుంది. వైరస్ జాడ ఏమాత్రం లేని రక్తంలోనూ కాస్తో కూస్తో వెలుగు కనబడుతుంది. అందుకని తయారీదారులు ఒక హద్దు పెడతారు. వచ్చిన వెలుగును ఆ హద్దుతో భాగిస్తే మన కాగితం మీది అంకె వస్తుంది. ఒకటి కంటే తక్కువైతే నాన్ రియాక్టివ్. ఒకే మనిషి రక్తాన్ని ఒకే యంత్రంలో రెండుసార్లు పెట్టినా అంకె కొద్దిగా మారుతుంది. కంపెనీ మారితే ఇంకా మారుతుంది. 0.18, 0.31 రెండూ చెప్పేది ఒకటే మాట: లేదు.

హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే సర్కారీ ఐసీటీసీ కేంద్రాల్లో ఈ అంకెల గొడవ ఉండదు. అక్కడ వాడేవి ర్యాపిడ్ కిట్లు, గీతో చుక్కో చూసి చెబుతారు. భయపడేవాళ్ళకు అక్కడ వేరే అనుమానం వస్తుంది. పాజిటివ్ అని చెప్పడానికి మూడు రకాల కిట్లతో చూస్తారని ఎక్కడో విని ఉంటారు. "నాకు ఒక్కటే వేశారేంటండీ, మిగతా రెండూ ఎందుకు వేయలేదు?" అంటారు. కారణం ఉంది. మొదట వాడే కిట్‌ను ఎవరినీ వదిలిపెట్టకుండా పట్టుకునే గుణం చూసి ఎంచుకుంటారు. కాబట్టి అది లేదంటే లేనట్టే. పొరపాటున ఉన్నట్టు చూపించిందేమో తేల్చడానికే మిగతా రెండూ.

ఇదంతా ఓపిగ్గా చెబితే మన టిప్పరు కుర్రాడు తల ఊపుతాడు. మొహం తేటపడుతుంది. వారం తిరక్కముందే మళ్ళీ వస్తాడు, ఈసారి కొత్త ప్రశ్నతో. లాబులో నా రక్తం వేరేవాళ్ళ రక్తంతో మారిపోయి ఉంటే? నాకు వచ్చింది మామూలు రకం కాకుండా రెండో రకం వైరస్ అయితే? కొందరికి ఆలస్యంగా బయటపడుతుందట, నేను ఆ కొందరిలో ఒకణ్ణయితే? ప్రతి ప్రశ్నకూ జవాబుంది. ఉదాహరణకు, మన దేశంలో వాడే కిట్లు రెండు రకాల వైరస్‌నూ పట్టుకుంటాయి. అయినా అతనికి ఇక్కడ కొరతగా ఉన్నది జవాబులు కావు.

ఒకసారి లెక్క వేద్దాం. స్త్రీకి హెచ్‌ఐవీ ఉండి, ఆమె మందులు వాడకపోతే, కండోమ్ లేకుండా ఒక్కసారి కలిసిన మగవాడికి అది సోకే అవకాశం సగటున 10,000లో 4. మగవాడి నుంచి స్త్రీకైతే 10,000లో 8. ఆ రాత్రి కలిసిన స్త్రీకి వైరస్ ఉండే అవకాశం నూటికి 5 అనుకుందాం. 2019 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ పెద్దవాళ్ళలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు 0.69 శాతం, అంటే మనం కావాలనే ఎక్కువ వేసుకుంటున్నాం. రెండూ కలిపితే 50,000లో ఒకటి వస్తుంది. ఇది పరీక్షకు ముందు మాట. మూడు నెలలు దాటాక చేసే నాలుగో తరం పరీక్ష, అంటే వైరస్ ముక్కనూ యాంటీబాడీలనూ కలిపి వెతికే పరీక్ష, వైరస్ ఉన్న 200 మందిలో ఒకరిని కూడా వదలదు. వదిలిందనే అనుకుని ఆ లెక్కా కలిపితే, నాన్ రియాక్టివ్ వచ్చాక కూడా అతనికి వైరస్ ఉండే అవకాశం కోటిలో ఒకటి.

కోటిలో ఒకటి అని వినగానే నాకూ మీకూ మనసు కుదుటపడుతుంది. అతనికి కోటి వినబడదు, ఒకటే వినబడుతుంది. "ఆ ఒక్కడూ నేనే అయితేనో?" ఈ భయం అనే జబ్బు కీలకం ఈ ప్రశ్నలోనే ఉంది. నూటికి నూరు శాతం ఖాయం అనే మాట వైద్యంలోనే కాదు, బతుకులోనే ఎక్కడా దొరకదు. రోజూ టిప్పరు నడిపే మనిషి అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదాన్ని పక్కన పెట్టుకునే తిరుగుతున్నాడు. దాని గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించడు. హెచ్‌ఐవీ దగ్గర మాత్రమే అతనికి పూర్తి ఖాయం కావాలి.

ఎందుకు హెచ్‌ఐవీ దగ్గరే? దీనికి చరిత్ర ఉంది. 1986 అంటే గోదావరి వాళ్ళకు వరద గుర్తొస్తుంది, ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన వరద. అదే ఏడాది చెన్నైలో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల కలిసి మన దేశంలో మొదటిసారి హెచ్‌ఐవీని గుర్తించారు. అంతకు ఒక ఏడాది ముందే, 1985లో, బ్రిటన్‌లో డేవిడ్ మిల్లర్, ఆయన సహచరులు ఒక వైద్య పత్రికలో విచిత్రమైన కేసులు రాశారు. ఎయిడ్స్ వచ్చేసిందని నమ్మి, చెమటలు, నీరసం, బరువు తగ్గడం లాంటి లక్షణాలతో వచ్చిన మనుషులు వాళ్ళు. జబ్బు లేదు, భయం ఉంది. ఆ భయమే జబ్బు వేషం కట్టింది. దాన్ని వాళ్ళు ఉత్తుత్తి ఎయిడ్స్ అన్నారు. అంటే వైరస్ భారతదేశంలో కనబడక ముందే, దాని భయం ఒక ప్రత్యేక బాధగా వైద్యుల రికార్డుల్లోకి ఎక్కిందన్న మాట.

మన దగ్గర ఆ భయానికి నేల బాగా దున్ని ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. ఎయిడ్స్‌కు మందు లేదనే మాట గోడల మీద, బస్సుల మీద, ఆసుపత్రి వరండాల్లో చదువుతూ ఒక తరం పెరిగింది. 2000ల తొలి ఏళ్ళలో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న హోర్డింగులు వాడవాడలా వెలిశాయి. ఆ ప్రచారం జనం నోట ఎయిడ్స్ మాట పలికించింది, కండోమ్ గురించి సిగ్గు తగ్గించింది. అది తీసిపారేయదగ్గ పని కాదు, ప్రాణాలు కాపాడిన పని. లారీ డ్రైవర్లను, వలస కూలీలను ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుని పనిచేసింది. ఊరూరి నుంచీ జనం పనికి వచ్చిన పోలవరం లాంటి చోట ఆ హెచ్చరికలు అవసరమే. కానీ హెచ్చరిక విన్నంతగా, ఆ తర్వాత వచ్చిన మంచి కబురు జనం వినలేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీకి ఉచితంగా ఏఆర్‌టీ మందులిస్తోంది. వేళకు మందు వేసుకునేవాళ్ళు అందరిలాగే పనులు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ముసలితనం దాకా బతుకుతున్నారు. మందులతో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలకడగా ఉన్నవాళ్ళ నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు కూడా. జబ్బు ఇంత మారింది. దాని చుట్టూ అల్లుకున్న చావు భయం, వెలి భయం మాత్రం పాతికేళ్ళ కిందటివే.

వీటికి తోడు అపరాధ భావం. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే బరువైనది. ఈ భయంతో వచ్చేవాళ్ళలో చాలామందికి, నిజానికి ప్రమాదమేమీ లేని చిన్న సంఘటన కూడా మనసులో పెద్ద తప్పుగా నిలిచి ఉంటుంది. పెళ్ళయినవాడు ఒకసారి అడుగు తప్పాడు. పెళ్ళి కుదిరిన కుర్రాడు స్నేహితులతో లాడ్జికి వెళ్ళాడు. చేసినదానికి శిక్ష పడి తీరాలని లోపల ఒక గొంతు అంటూ ఉంటుంది. రిపోర్టు నిర్దోషి అని తీర్పు చెబితే, ఆ గొంతు పైకోర్టుకు వెళ్తుంది. ఇంట్లో చెప్పుకోలేడు, స్నేహితులకు చెప్పుకోలేడు. భార్య పక్కన పడుకోవడం మానేస్తాడు. పిల్ల ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకుంటాడు. తన గ్లాసు తను వేరుగా పెట్టుకుంటాడు. గ్లాసు ద్వారా హెచ్‌ఐవీ రాదని అతనికి తెలుసు. అయినా పెట్టుకుంటాడు. వైరస్‌కు పాపపుణ్యాలు తెలియవు. ఈ మాట కౌన్సెలింగ్ గదిలో గట్టిగా, దయగా చెప్పాల్సి ఉంటుంది.

ఇక ఒంటి మీద కనబడే లక్షణాల సంగతి. అవి కల్పన కాదు, ఆ బాధ నిజమైన బాధే. భయం ఎక్కువ రోజులు ఉంటే ఆకలి పోతుంది, బరువు తగ్గుతుంది. రాత్రి చెమటలు పడతాయి, నీళ్ళ విరేచనాలు అవుతాయి, నోరు ఎండి నాలుక మీద తెల్లటి పాచి పేరుకుంటుంది. గజ్జల్లో, మెడ కింద బిళ్ళలున్నాయేమోనని రోజుకు ఇరవైసార్లు నొక్కి చూసుకుంటే అక్కడ నిజంగానే నొప్పి, వాపు వస్తాయి. ఎయిడ్స్ లక్షణాలని జనం విన్నవీ ఇవే. ఇంకో చిక్కు ఉంది. హెచ్‌ఐవీ సోకిన రెండు మూడు వారాలకు కొందరికి జ్వరం, గొంతు నొప్పి వస్తాయి. పోలవరం చుట్టుపక్కల, ముఖ్యంగా మన్యం వైపు, వానాకాలంలో జ్వరం రాని ఇల్లు అరుదు. మలేరియా, టైఫాయిడ్, వైరల్ జ్వరాలు అన్నీ ఉంటాయి. తేదీలు కలిస్తే చాలు, భయానికి సాక్ష్యం దొరికినట్టే.

దృష్టి పెట్టడం ఎంత పని చేస్తుందో మీరే చూడవచ్చు. ఇప్పుడు మీ గొంతు మీద మనసు పెట్టి ఒకసారి గుటక వేయండి. ఏదో అడ్డం పడుతున్నట్టు లేదూ? వరసగా నాలుగుసార్లు వేయండి, ఐదోసారి గుటక పడటం కష్టమవుతుంది. నిమిషం కిందట మీ గొంతు ఉన్న సంగతే మీకు గుర్తు లేదు. ఇలా ఏడాది పొడవునా రోజంతా చూసుకునే మనిషి ఒంట్లో ఏం దొరకదు?

1986లోనే బ్రిటన్‌లో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే ఇద్దరు ఈ భయం ఎందుకు తగ్గదో ఒక వ్యాసంలో వివరించారు. తర్వాత వచ్చిన చికిత్సలకు అది పునాది. వాళ్ళు చెప్పింది స్థూలంగా ఇది: ధైర్యం కోసం చేసే పనులే భయాన్ని బతికిస్తున్నాయి. పరీక్ష చేయించుకుంటాడు, నెగెటివ్ వస్తుంది, ఉపశమనం. ఆ ఉపశమనం తియ్యగా ఉంటుంది. మెదడు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ అనుమానం రాగానే అదే కావాలంటుంది. ప్రతిసారీ ఊరట కాలం తగ్గుతుంది, మొదట పది రోజులు, తర్వాత మూడు రోజులు, చివరికి లాబు మెట్లు దిగేలోపే అయిపోతుంది. పైగా ప్రతి పరీక్షా మెదడుకు ఒక తప్పుడు పాఠం నేర్పుతుంది: ఇన్నిసార్లు చూసుకోవాల్సి వస్తోందంటే ప్రమాదం ఉన్నట్టే గదా!

దీన్ని గోదావరి వరద హెచ్చరికలతో పోల్చి చూడండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఎగరేస్తారు. నీళ్ళు తగ్గితే ఒక్కొక్కటే ఉపసంహరిస్తారు. లంకల్లో వాళ్ళు ఆ మాట విని సామాన్లు మళ్ళీ ఇంట్లోకి చేరుస్తారు. ఈ భయం పట్టుకున్నవాళ్ళ మెదడులో హెచ్చరిక ఎగరేసే యంత్రాంగం చక్కగా పనిచేస్తోంది. ఉపసంహరించే యంత్రాంగమే పట్టేసింది. నీటిమట్టం ఎంతో పదేపదే చెప్పినంత మాత్రాన అది విడిపోదు.

ఈ భయం చిన్న విషయం అనుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒక నడివయసు రైతు తనకు కరోనా సోకిందని నమ్మి, కుటుంబానికి అంటకూడదని ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి రాష్ట్రంలో ఒక్క కరోనా కేసు కూడా లేదు. మొదటి కేసు నెల్లూరులో మార్చిలో బయటపడింది. స్వీడన్‌లో 1997 నుంచి 2020 వరకు ఉన్న రికార్డులు చూసిన పరిశోధకులు, తీవ్రమైన ఆరోగ్య భయం, అంటే జబ్బు ఉందేమోనన్న ఆగని భయం, ఉన్నట్టు నిర్ధారణ అయిన నాలుగు వేల మందికి పైగా మనుషుల్లో ఆత్మహత్య మరణాలు మిగతావాళ్ళ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని 2023లో తేల్చారు. లేని జబ్బుకు భయపడుతున్నాడని నవ్వే హక్కు ఎవరికీ లేదు.

నయమవుతుందా? అవుతుంది, చాలామందికి. పీటర్ టైరర్ బృందం ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో తీవ్రమైన ఆరోగ్య భయం ఉన్న 444 మందితో ఒక అధ్యయనం చేసింది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచననూ అలవాటునూ కలిపి మార్చే మాటల చికిత్స, కొన్ని విడతలు ఇస్తే భయం తగ్గిందనీ, ఆ మేలు ఏళ్ళ తరబడి నిలిచిందనీ తేలింది. ఆ చికిత్స ఇచ్చినవాళ్ళలో శిక్షణ పొందిన నర్సులు కూడా ఉన్నారు, వాళ్ళ చేతిలో ఫలితాలు బాగా వచ్చాయి. మానసిక వైద్యులు తక్కువగా ఉన్న మన జిల్లాలకు ఇది పనికొచ్చే సంగతి. మాటల చికిత్సతో చాలనివాళ్ళకు మందులున్నాయి. కుంగుబాటుకు, ఆందోళనకు వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు నాలుగైదు వారాల్లో పట్టు చూపిస్తాయి. అవి డాక్టరు చెప్పినట్టే వాడాలి, మధ్యలో ఆపేయకూడదు.

ఆ చికిత్సలో ఏం చేయిస్తారో కొంచెం చెబుతాను. ముందు మనిషి తన పరీక్షల సంఖ్య, రోజుకు ఎన్నిసార్లు బిళ్ళలు నొక్కుకుంటున్నాడో, ఫోనులో ఎంతసేపు లక్షణాలు వెతుకుతున్నాడో ఒక పుస్తకంలో రాస్తాడు. తర్వాత ఒక్కొక్కటీ వాయిదా వేయడం మొదలుపెడతాడు. నాలుక చూసుకోవాలనిపిస్తే అరగంట ఆగాలి. ఆ అరగంటలో భయం బాగా పెరుగుతుంది, తర్వాత దానంతట అది దిగుతుంది. అద్దం చూడకుండానే దిగింది! ఎవరూ ధైర్యం చెప్పకపోయినా భయం తగ్గుతుందని ఒంటికి తెలియడమే ఇక్కడ మందు. చివరికి "నాకు హెచ్‌ఐవీ ఉండే అవకాశం కోటిలో ఒకటి, ఆ ఒకటితో నేను బతకగలను" అని రోజూ చదువుకునే దశకు వస్తాడు. మొదట్లో ఆ వాక్యం చదవడానికే చేతులు వణుకుతాయి.

ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ చేసే పొరపాటు ఒకటి ఉంది. "నీకేం లేదు, నీకేం లేదు" అని రోజుకు పదిసార్లు చెప్పడం. ఆ మాట కూడా ఒక పరీక్ష లాంటిదే, అదే ఊరట, అదే వ్యసనం. అన్నో, భార్యో ఇలా అనవచ్చు: "భయంగా ఉందని తెలుస్తూనే ఉంది. పరీక్ష సంగతి మాత్రం మళ్ళీ మాట్లాడుకోవద్దనుకున్నాం గదా. లే, అలా పట్టిసీమ రేవు దాకా నడిచొద్దాం." కసురుకోవడం కాదు, వెక్కిరించడం అసలే కాదు. పక్కన ఉండటం, కానీ ఆ ఒక్క ప్రశ్నకు మళ్ళీ జవాబు చెప్పకపోవడం.

పరీక్ష ఎప్పుడు అవసరమో కూడా స్పష్టంగా ఉండాలి. ప్రమాదకరమైన సంఘటన జరిగి 72 గంటలు దాటకపోతే పరీక్ష కంటే ముందు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. వైరస్ సోకకుండా 28 రోజులు వాడే మందులు అక్కడ ఉన్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. నాలుగో తరం లాబు పరీక్ష 45 రోజులకు దాదాపు అందరిలోనూ తేల్చేస్తుంది. మన ఐసీటీసీలు మూడు నెలలకు ఇంకోసారి చూసి ముగిస్తాయి. ఆ తర్వాత కొత్త సంఘటన జరిగితేనే కొత్త పరీక్ష. అలాగని ఒంట్లో బాగోలేకపోతే అంతా భయమేనని వదిలేయమని కాదు. బరువు తగ్గుతుంటే షుగరు, థైరాయిడ్, క్షయ చూపించుకోవాలి, అది కూడా ఒకే డాక్టరు దగ్గర, ఆయనకు భయం సంగతి దాచకుండా చెప్పి.

లాబుల వాళ్ళకూ, ఊళ్ళల్లో ఆర్‌ఎంపీలకూ ఒక విన్నపం. నాలుగోసారి వచ్చిన కుర్రాడితో "ఎందుకైనా మంచిది, ఇంకోసారి చేయించు" అనకండి. ఆ ఒక్క మాట అతని ఆరు నెలల నిద్ర తినేస్తుంది. "మీకు వైరస్ లేదు బాబూ, మిమ్మల్ని బాధపెడుతున్న భయానికి వేరే వైద్యం ఉంది" అని చెప్పి పంపండి.

ఇది చదువుతున్న మీ జేబులో కూడా నాలుగు మడతలు పెట్టిన నాన్ రియాక్టివ్ కాగితాలు రెండో మూడో ఉంటే, ఐదో లాబు కోసం కొవ్వూరు బస్సు ఎక్కకండి. హెచ్‌ఐవీ సందేహాలకు 1097కు ఒక్కసారి ఫోన్ చేసి తీర్చుకోండి. ఆ తర్వాత భయం గురించి మాట్లాడటానికి టెలిమానస్ నంబరు 14416కు చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ అది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు.